నాలా వెడల్పు కోసం ప్రైవేటు భూమి తీసుకోవడం ఎలా: హైదరాబాద్ ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వరద తర్వాత నగరం వేయించిన అధ్యయనం, అందరూ కిర్లోస్కర్ నివేదిక అని పిలిచేది, 2003లో చేతికొచ్చింది. నాలాలను వెడల్పు చేయండి, అడ్డుగా ఉన్న కట్టడాలు తీయండి అని చెప్పింది. 2020 అక్టోబరు 13 రాత్రి నగరం మళ్లీ మునిగేనాటికి అందులో చాలా పని కాగితాల మీదే ఉంది. ఆ తర్వాత వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం పేరుతో, తొలి దశకు సుమారు 985 కోట్ల రూపాయలతో పనులు మొదలుపెట్టారు.

డబ్బు మంజూరైనంత తేలిగ్గా భూమి రాదు. పై నుంచి కొంత దూరం కొత్త బాక్స్ డ్రెయిన్ (కాంక్రీటు పెట్టెలాంటి కాలువ) కడతారు, కింద కొంత దూరం కడతారు, మధ్యలో నాలుగు ఇళ్ల దగ్గర పని ఆగుతుంది. అప్పుడు పైన వేగంగా వచ్చిన నీళ్లు ఆ ఇరుకు దగ్గర ఎగదన్ని, ఇంతకుముందు మునగని వీధిని కూడా ముంచుతాయి. సగం కట్టిన నాలా అసలు కట్టని నాలా కన్నా ప్రమాదం. అందుకే ఈ గైడ్ మొత్తానికి ఒకటే నియమం: నాలా నీళ్లు చివరకు బయటపడే ఔట్‌లెట్ నుంచి మొదలుపెట్టి, ఒక పూర్తి భాగానికి భూమి చేతికి వచ్చాకే ఆ భాగానికి టెండర్ పిలవాలి.

మున్సిపల్ ఇంజినీర్లు, టౌన్ ప్లానింగ్ సిబ్బంది, కార్పొరేటర్లు, కాలనీ సంఘాల వాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. నాలా పక్కన ఇల్లున్నవాళ్లు కూడా చదవాలి, ఎందుకంటే వాళ్ల హక్కులన్నీ ఇందులోనే ఉన్నాయి.

మొదటి అడుగు: ఎంత భూమి కావాలో లెక్క తేల్చడం

భూమి అడిగే ముందు ఎందుకు అంత కావాలో చెప్పగలగాలి. లెక్క సూత్రం ఇంజినీర్లందరికీ తెలిసిందే: నీళ్లు పారి వచ్చే విస్తీర్ణం హెక్టార్లలో, వాన తీవ్రత గంటకు మిల్లీమీటర్లలో, ఇంకకుండా పారే నీటి నిష్పత్తి. ఈ మూడింటినీ గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది.

ఉదాహరణకు 300 హెక్టార్ల నుంచి నీళ్లు వస్తాయి, అంతా కాంక్రీటు కాబట్టి నిష్పత్తి 0.8, వాన గంటకు 60 మిల్లీమీటర్లు అనుకుందాం. లెక్క 40 ఘనపు మీటర్లు వస్తుంది. నీటి వేగం సెకనుకు 2.5 మీటర్లయితే 16 చదరపు మీటర్ల అడ్డుకోత (వెడల్పును లోతుతో గుణిస్తే వచ్చేది) కావాలి. 8 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు సరిపోతుంది. గోడలతో కలిపి 8.6 మీటర్లు. పూడిక తీసే జేసీబీ వెళ్లడానికి ఒక పక్కన 3 మీటర్ల దారి వదిలితే మొత్తం 11.6 మీటర్లు. చాలామంది ఇక్కడ ఆగి భూసేకరణకు రాసేస్తారు. ఆగాల్సిన చోటు ఇది కాదు.

2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, అంటే భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, 10 మీటర్ల వరకు వెడల్పున్న నాలాకు హద్దు నుంచి 2 మీటర్ల బఫర్ (కట్టడం రాకూడని ఖాళీ) వదలాలి. 10 మీటర్లు దాటితే బఫర్ 9 మీటర్లు. అంటే 5 మీటర్ల నాలాను 11.6 మీటర్లు చేస్తే, మనం తీసుకున్న భూమే కాదు, దాని పక్కనున్న వాళ్లందరికీ మరో 7 మీటర్ల మేర కొత్తగా ఇల్లు కట్టుకునే వీలు పోతుంది. ఆ నష్టం మన అంచనాల్లో ఎక్కడా కనిపించదు. కానీ అభ్యంతరాలు, కోర్టు కేసులు చాలావరకు అక్కడి నుంచే పుడతాయి.

అదే 16 చదరపు మీటర్లను 6.4 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల లోతుగా మార్చండి. గోడలతో 7 మీటర్లు, దారితో 10 మీటర్లు. బఫర్ 2 మీటర్లలోనే ఉంటుంది. 400 మీటర్ల పొడవున 640 చదరపు మీటర్లు, అంటే సుమారు 765 గజాలు మిగులుతాయి. గజం 40 వేలయితే భూమి విలువే 3 కోట్లు, పరిహారంలో అది రెట్టింపవుతుంది. ఔట్‌లెట్ మట్టం అరమీటరు అదనపు లోతుకు ఒప్పుకుంటుందా, మురుగు పైపులు అడ్డొస్తాయా అన్నది తప్పకుండా చూసుకోవాలి. పైన పార్కులోనో ఖాళీ ప్రభుత్వ స్థలంలోనో వాననీటిని కాసేపు నిలిపే చెరువు లేదా సంపు కడితే వరద ఉధృతే తగ్గుతుంది, అప్పుడు ఇంకా తక్కువ వెడల్పు చాలు. ఇవన్నీ చూశాకే మిగిలిన అవసరానికి ఇళ్ల మీదికి వెళ్లాలి. ఒక కుటుంబం ఇల్లు అడుగుతున్నప్పుడు ఆ మాత్రం శ్రమ మన బాధ్యత.

రెండో అడుగు: భూమి ఎవరిదో రికార్డుతో తేల్చడం

రెవెన్యూ, ఇరిగేషన్, టౌన్ ప్లానింగ్ ముగ్గురూ ఒకే రోజు నేల మీదికి రావాలి. విడివిడిగా చేసిన సర్వేలు కోర్టులో ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. గ్రామ పటంలో, సర్వే నంబరు కొలతలుండే టిప్పన్‌లో, ఉన్నచోట టౌన్ సర్వే రికార్డులో నాలా వెడల్పు ఎంతుందో తీయండి. దాన్ని నేల మీద ఉపగ్రహ కొలతల పరికరం డీజీపీఎస్‌తో గుర్తించండి. ఇప్పుడు పారుతున్న నీళ్లను కాకుండా రికార్డులోని హద్దును పట్టుకోవాలి, ఎందుకంటే నగరంలో చాలా నాలాలు తమ అసలు వెడల్పులో సగం కూడా లేవు.

ఆ తర్వాత ప్రతి ముక్కకూ సేత్వార్ (తొలి సర్వేలో రాసిన మూల భూరికార్డు), పాత పహాణీలు (సాగు, హక్కుల రికార్డు), ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), లింక్ డాక్యుమెంట్లు, లేఅవుట్ లేదా దాన్ని క్రమబద్ధీకరించిన ఎల్‌ఆర్‌ఎస్ కాగితాలు, ఇంటి అనుమతి, ఆస్తిపన్ను వివరాలు ఒకే ఫైల్లో పెట్టండి. శివార్లలో ఇంకా సాగు భూమిగా ఉన్నవాటికి రాష్ట్ర భూరికార్డుల వ్యవస్థ భూభారతిలోని రికార్డు చూడాలి. భూములు నాలుగు రకాలుగా తేలతాయి.

రికార్డులో నాలాగానే ఉండి, ఆక్రమణకు గురైన భూమి ప్రభుత్వానిదే. దానికి సేకరణ అక్కర్లేదు, నోటీసు ఇచ్చి, వాళ్లు చెప్పేది విని ఖాళీ చేయించాలి. చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించడానికి 2024 జులైలో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ హైడ్రా పని చేయాల్సిన చోటు ఇది. పట్టా భూమిలో నాలా వెడల్పు చేయడానికి హైడ్రాను దారిగా వాడుకోకూడదు.

రెండోది పట్టా భూమి, అంటే ప్రైవేటు యజమానిది. మూడోది అసైన్డ్ భూమి: ఇది ప్రభుత్వం ఇచ్చిందే కదా, ఊరికే వెనక్కి తీసుకోవచ్చు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చేవెళ్ల కేసులో 2004లో ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్‌దారులకు కూడా పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. నాలుగోది వక్ఫ్, దేవాదాయ భూములు. వీటికి ఆయా శాఖల అనుమతులు పడతాయి కాబట్టి ముందే ఉత్తరాలు మొదలుపెట్టండి.

బఫర్ అంటే ప్రభుత్వ భూమి కాదు

దీన్ని అడుగుగా లెక్కపెట్టకుండా విడిగా చెబుతున్నాను, ఎందుకంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. నాలా బఫర్‌లోని భూమి యజమానిదే. అక్కడ కట్టడానికి ఆంక్ష ఉంది, అంతే. ఆంక్ష ఉన్నంత మాత్రాన యాజమాన్యం మారదు. బఫర్‌లో గోడ కట్టాలన్నా, దారి వేయాలన్నా, పైపు పాతాలన్నా ఆ భూమిని చట్టప్రకారం తీసుకోవాల్సిందే.

సుప్రీంకోర్టు 2024 మే 16న కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. రాజ్యాంగంలోని 300ఏ అధికరణ కింద ఆస్తి తీసుకోవాలంటే ఏడు ఉండాలంది: ముందస్తు నోటీసు, అభ్యంతరం వినడం, కారణాలతో కూడిన నిర్ణయం, ప్రజా ప్రయోజనం, న్యాయమైన పరిహారం, గడువు ప్రకారం సమర్థంగా ప్రక్రియ నడపడం, చివరకు స్వాధీనంతో దాన్ని పూర్తిచేయడం. పరిహారం ఇచ్చేశాం కదా అంటే సరిపోదు. ఈ ఏడింటినీ ఒక కాగితం మీద రాసి ప్రతి ఫైలు మొదటి పేజీలో పెట్టుకోమని నేను చెబుతాను.

మూడో అడుగు: నోటీసు కన్నా ముందు మనిషిని పంపడం

నాలా పక్కనున్న ఇంటివాళ్లకు తమ గోడ మీద ఎర్ర పెయింటుతో గీసిన బాణం గుర్తు ద్వారా విషయం తెలియకూడదు. సర్వే వాళ్లు గుర్తు పెట్టి వెళ్లిపోతారు. ఇంట్లోవాళ్లకు ఆ గీత మొత్తం ఇంటికా, వెనక బాత్రూమ్‌కా తెలియదు. ఆ రోజు నుంచి నిద్ర ఉండదు, వీధి చివర లాయరు ఆఫీసు నిండిపోతుంది.

గీత గీసే ముందే వార్డు ఆఫీసులో సమావేశం పెట్టి, ఇంటింటికీ ఒక పటం ఇవ్వండి. అందులో వాళ్ల ఇల్లు, పోయే భాగం గజాల్లో, మిగిలే భాగం, ఎవరికి ఫోన్ చేయాలో ఉండాలి. అద్దెకున్నవాళ్లను కూడా పిలవాలి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పట్టణాల్లో మూడేళ్లకు పైగా ఆ భూమిలో నివసిస్తున్న కుటుంబం కూడా బాధిత కుటుంబమే. యజమానితో ఒప్పందం కుదిరిందని అద్దెదారుని మరిచిపోతే, బుల్డోజర్ వచ్చిన రోజు గేటు ముందు నిలబడేది ఆయనే.

ఇక ఒక్క ఇల్లు పోయే తీరు చూడండి. 120 గజాల స్థలంలో నాలా వైపు 20 గజాలే పోతున్నాయి. కాగితం మీద ఆరో వంతు. కానీ ఆ 20 గజాల్లోనే మెట్లు, సెప్టిక్ ట్యాంకు, వంటగది ఉన్నాయి. మిగిలిన ఇంట్లో కాపురం ఉండలేరు. ఇలాంటప్పుడు ఇంటిలో కొంత భాగమే తీసుకోకుండా మొత్తం తీసుకోమని అడిగే హక్కు 2013 చట్టంలోని 94వ సెక్షన్ యజమానికి ఇస్తుంది. ఆ సంగతి వాళ్లకు మనమే చెప్పాలి. అలా అడిగే ఇళ్లు ఎన్నుంటాయో ముందే అంచనా వేసుకుంటే బడ్జెట్ తలకిందులు కాదు.

నాలుగో అడుగు: ఏ దారిలో తీసుకోవాలో ఎంచుకోవడం

ఖాళీ ప్లాట్లు, కొత్తగా అనుమతికి వచ్చే భవనాలు ఉంటే అనుమతి దశలోనే నాలాకు పోయే భాగాన్ని రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో తీసుకోవచ్చు. శివార్ల లేఅవుట్లలో ఇదే అన్నిటికన్నా తేలిక. ఇళ్లు లేచాక ఐదేళ్ల తర్వాత కొనే భూమి, ఈ రోజు లేఅవుట్ పటంలో ఒక గీత మార్చితే వస్తుంది. అందుకే పెరుగుతున్న ప్రాంతాల్లో నాలా సర్వే లేఅవుట్ అనుమతుల కన్నా ముందుండాలి.

టీడీఆర్ రెండో దారి. భూమి ఇచ్చిన యజమానికి డబ్బుకు బదులు నిర్మాణ హక్కుల సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని తను వాడుకోవచ్చు, బిల్డరుకు అమ్ముకోవచ్చు. రోడ్డుకు ఇచ్చిన భూమికి, చెరువు, నాలాకు ఇచ్చిన భూమికి శాతాలు వేరుగా ఉంటాయి, కాలాన్ని బట్టి జీవోలు మారుతుంటాయి. కాబట్టి యజమాని దగ్గరికి వెళ్లేటప్పుడు అమల్లో ఉన్న జీవో కాపీ పట్టుకెళ్లండి. పెద్ద స్థలం ఉన్నవాళ్లకు, అపార్టుమెంటు కట్టాలనుకునేవాళ్లకు టీడీఆర్ లాభమే. ఉన్న ఒక్క ఇల్లు పోయే ఉద్యోగికో చిరువ్యాపారికో అది ఒక కాగితం మాత్రమే. మార్కెట్లో దాని ధర పడిపోయిన రోజు ఆయన ఏం చేస్తాడు? అలాంటి కుటుంబాల మీద టీడీఆర్‌ను రుద్దొద్దని నా గట్టి అభిప్రాయం. వాళ్లకు డబ్బే ఇవ్వాలి.

మూడోది ఒప్పందం. జీహెచ్‌ఎంసీ చట్టంలోని 146వ సెక్షన్ కింద కమిషనర్ ఒప్పందంతో ఆస్తి తీసుకోవచ్చు. అది కుదరకపోతే 147 కింద భూసేకరణకు ప్రభుత్వాన్ని కోరవచ్చు. 2013 చట్టానికి తెలంగాణ తెచ్చిన సవరణలోని 30ఏ కూడా స్వచ్ఛందంగా ఇచ్చేవాళ్లతో ఒప్పందానికి వీలిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌ కూడా 2018లో ఇలాంటి సవరణే చేసుకుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తర్వాత అక్కడా ఇవే ప్రశ్నలు ముందుకొచ్చాయి.

ఒప్పందం అంటే బేరం కాదు. చట్టప్రకారం ఎంత వస్తుందో లెక్క చూపించి, దానికి తగ్గకుండా త్వరగా ఇస్తాం అని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. తక్కువకు ఒప్పించామని సంబరపడితే పక్కింటి వాళ్లకు కోర్టులో ఎక్కువ వచ్చిన రోజు అన్నీ తిరగబడతాయి.

భూమి లోపల పైపు మాత్రమే వేస్తుంటే మొత్తం కొనాల్సిన పని లేకపోవచ్చు. పైపు మీద కట్టడం రాకుండా, మరమ్మతుకు లోపలికి వచ్చే హక్కుతో రిజిస్టర్డ్ ఈజ్‌మెంట్ ఒప్పందం చాలు.

ఈ దారులన్నీ నడుస్తుండగానే మిగిలిన వాళ్ల కోసం చట్టప్రకారం సేకరణ కూడా మొదలుపెట్టండి. అందరితో చర్చలు అయ్యాక చివర్లో మొదలుపెడితే ఒప్పుకోని ఒక్కరి కోసం రెండేళ్లు ఆగాలి.

ఐదో అడుగు: 2013 చట్టం కింద సేకరణ

మున్సిపల్ సంస్థ జిల్లా కలెక్టరుకు రిక్విజిషన్, అంటే భూమి కావాలన్న అభ్యర్థన, పంపుతుంది. దానితో ఉమ్మడి సర్వే పటం, సర్వే నంబర్ల వారీ విస్తీర్ణం, నిధుల హామీ ఉండాలి. ఆ తర్వాత సామాజిక ప్రభావ అంచనా, దాన్ని ఆరు నెలల్లో ముగించాలి. తెలంగాణ సవరణలోని 10ఏ కింద మౌలిక వసతుల ప్రాజెక్టులకు ప్రభుత్వం దీన్ని మినహాయించవచ్చు. మినహాయింపు వచ్చినా ఇంటింటి జాబితా మానేయకండి: ఎవరుంటున్నారు, కిరాణా కొట్టుందా, నడవలేని పెద్దవాళ్లున్నారా. పునరావాసం లెక్కకు ఈ జాబితానే ఆధారం.

11వ సెక్షన్ ప్రాథమిక నోటిఫికేషన్ గెజిట్‌లో, ఒకటి తెలుగుదై ఉండేలా రెండు దినపత్రికల్లో, వెబ్‌సైట్‌లో, స్థానిక కార్యాలయాల్లో, ఆ ప్రాంతంలో రావాలి. ఆ రోజు నుంచి ఆ భూమిపై అమ్మకాలు ఆగుతాయి. 60 రోజుల్లో ఆ భూమితో సంబంధం ఉన్న ఎవరైనా 15వ సెక్షన్ కింద అభ్యంతరం ఇవ్వవచ్చు, కలెక్టరు వాళ్లను స్వయంగా వినాలి. "అభ్యంతరాలు తోసిపుచ్చడమైనది" అని ఒక్క వాక్యంతో ముగించిన ఫైళ్లే హైకోర్టులో పడిపోతాయి. ఎదురుగా ప్రభుత్వ ఖాళీ స్థలం ఉండగా నా ఇల్లే ఎందుకు అని అడిగితే, దానికి ఇంజినీరు ఇచ్చిన కారణం ఆ ఉత్తర్వులో ఉండాలి.

ఆపైన 19వ సెక్షన్ డిక్లరేషన్ (భూమి ప్రజా ప్రయోజనానికి కావాలనే తుది ప్రకటన), నోటిఫికేషన్ నుంచి 12 నెలల్లోపు. సేకరణ ఖర్చు డిపాజిట్ చేయకుండా డిక్లరేషన్ రాదు. తర్వాత 21 కింద నోటీసులు, 23 కింద అవార్డు, అంటే పరిహారం ఖరారు చేసే కలెక్టరు ఉత్తర్వు. డిక్లరేషన్ నుంచి 12 నెలల్లో అవార్డు రాకపోతే మొత్తం ప్రక్రియ రద్దవుతుంది. వానాకాలం ముందు తొందరపడి 40వ సెక్షన్ అత్యవసర అధికారం వాడాలని చూడొద్దు. అది దేశ రక్షణ, జాతీయ భద్రత, ప్రకృతి విపత్తు లాంటి సందర్భాలకే. ఏటా వచ్చే వాన దాని కిందికి రాదు.

ఆరో అడుగు: పరిహారం లెక్క

26వ సెక్షన్ ప్రకారం మార్కెట్ విలువ అంటే రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల గత మూడేళ్ల అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం డాక్యుమెంట్ల సగటు, లేదా ఒప్పుకున్న మొత్తం వర్తించేచోట అది, వీటిలో ఏది ఎక్కువైతే అది. పట్టణాల్లో ఆ విలువను హెచ్చించే గుణకం 1.

నాలా పక్కన 150 గజాలు పోతున్నాయి, గజం 40 వేలు అనుకుందాం. భూమి 60 లక్షలు. ఇంటి విలువ 12 లక్షలు. మొత్తం 72 లక్షలు. దానికి నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు మొత్తం), మరో 72 లక్షలు. సామాజిక ప్రభావ అంచనా నోటిఫికేషన్ నుంచి అవార్డు దాకా ఏడాదిన్నర పట్టిందంటే, భూమి విలువ మీద ఏడాదికి 12 శాతం చొప్పున 10 లక్షల 80 వేలు. మొత్తం కోటీ 54 లక్షల 80 వేలు. పునరావాసం దీనికి వేరు. 96వ సెక్షన్ ప్రకారం ఈ అవార్డు మీద ఆదాయపు పన్ను లేదు. ఈ సంగతి చాలామందికి తెలియక ఆడిటర్ల చుట్టూ తిరుగుతుంటారు.

ఈ లెక్కను తెలుగులో, ఒక్కో వరుసకు వివరంతో యజమాని చేతికి ఇవ్వండి. మొత్తం ఎంతో మాత్రమే రాసిన కాగితం అనుమానాన్ని పెంచుతుంది.

నాలా పక్క భూమి కదా, మునిగే భూమి కదా అని ధర తగ్గించాలనే వాదన తరచూ వినిపిస్తుంది. నాలా ఇరుకైపోయి ఆ భూమి మునగడానికి కారణం ఆ యజమాని ఒక్కడే కాదు. పైనున్న వందల ఎకరాల కాంక్రీటు నీళ్లు ఆయన గుమ్మంలోకి వస్తున్నాయి.

ఏడో అడుగు: డబ్బు, స్వాధీనం, ఆ తర్వాత

38వ సెక్షన్ ప్రకారం పరిహారం పూర్తిగా చెల్లించాకే స్వాధీనం. వాటాల గొడవ ఉంటే, తీసుకోనని యజమాని మొండికేస్తే, 77 కింద ఆ మొత్తాన్ని భూసేకరణ అథారిటీలో (పరిహారం వివాదాలు తేల్చే సంస్థ) డిపాజిట్ చేయాలి. ముందు భూమి తీసుకుని డబ్బు తర్వాత ఇస్తే ఏడాదికి 9 శాతం, ఏడాది దాటితే 15 శాతం వడ్డీ పడుతుంది.

స్వాధీనం రోజు సాక్షులతో పంచనామా, ఫొటోలు, కొలతలు ఉండాలి. అదే వారంలో హద్దురాళ్లు పాతి, కంచె వేసి, రెవెన్యూ రికార్డులో, మున్సిపల్ ఆస్తుల రిజిస్టరులో పేరు మార్పించండి, రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో చేర్పించండి. మిగిలిన భాగానికి ఆస్తిపన్ను కొలతలు కూడా మనమే సరిచేసి ఇవ్వాలి. కూల్చిన గోడ స్థానంలో ప్రహరీ, తెగిన మురుగు కనెక్షన్ కాంట్రాక్టు అంచనాలోనే ఉండాలి. లేకపోతే ఆ ఇంటి మురుగు నేరుగా కొత్త నాలాలోకే వస్తుంది.

ఫైలు అక్కడితో ముగిసిందనుకోవద్దు. అవార్డు నచ్చనివాళ్లు 64వ సెక్షన్ కింద అథారిటీకి వెళ్లవచ్చు: అవార్డు రోజు హాజరై ఉంటే ఆరు వారాల్లో, లేకపోతే నోటీసు అందిన ఆరు వారాల్లో లేదా అవార్డు నుంచి ఆరు నెలల్లో, ఏది ముందైతే అది. అక్కడ ఒకరికి ధర పెరిగితే, అదే నోటిఫికేషన్ కింద భూమి ఇచ్చి అడగకుండా ఊరుకున్నవాళ్లు కూడా 73వ సెక్షన్ కింద మూడు నెలల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాబట్టి ప్రాజెక్టు ఖాతా మూసేముందు ఆ పెంపుకు సరిపడా నిధిని వచ్చే రెండు మూడేళ్ల బడ్జెట్‌లలో పెట్టించుకోండి, యజమానులకు ఆ గడువు తేదీలు అవార్డు కాపీతో పాటే రాసివ్వండి.